బీరువాలో బీరు

దేశాల మధ్య తగాదాలు తీర్చడానికి ఒప్పందాలున్నాయి, కమిటీలున్నాయి, ఆ కమిటీల మీద ఇంకో కమిటీ ఉంది. కానీ ఇంట్లో 20 లీటర్ల గిన్నె పెట్టుకుని బీరు కాచే మనిషి, అదే ఇంట్లో ఉంటున్న రెండో మనిషితో ఎలా నెగ్గుకురావాలన్న విషయం మీద ఇప్పటిదాకా ఒక్క శ్వేతపత్రం కూడా వెలువడలేదు. ఆ లోటు తీర్చాలని నేనే పూనుకున్నాను. అర్హత ఉందా అంటే ఉంది. ఇప్పటికి పదకొండు బ్యాచ్‌లు కాచాను. పెళ్లి ఒక్కటే, అది ఇంకా నడుస్తోంది.

ముందు చట్టం సంగతి. ఇంట్లో బీరు చేసుకోవడం కొన్ని చోట్ల హక్కు, కొన్ని చోట్ల నేరం. మీరుండే చోట ఏదో కనుక్కున్నాకే మిగతాది చదవండి, ఇది మాత్రం జోకు కాదు. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం, సొంత వాడకానికి ఇంట్లో కాచుకునే బీరుకి పన్ను తీసేసింది. ఆ చట్టంలోని లెక్క చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు. ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు. అంటే ఏమిటి? జీవిత భాగస్వామి ఈ హాబీకి అడ్డంకి కాదు, వంద గ్యాలన్ల అదనపు కోటా! ఇంత గొప్ప గౌరవం ఏ చట్టం ఇచ్చింది? ఈ మాట మా ఆవిడకు ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "వంద గ్యాలన్లు నాకొద్దు గానీ, అవి పట్టే చోటేదో నాకు ఖాళీ చేసిచ్చెయ్యండి" అంది.

నిజానికి అసలు గొడవంతా చోటు గురించే. పులియబెట్టే బకెట్‌ని మా భాషలో ఫెర్మెంటర్ అంటాం. దానికి చీకటి కావాలి, 18 నుంచి 22 డిగ్రీల నిలకడ కావాలి, ఎవరూ కదపకూడదు. థర్మామీటరు పట్టుకుని రెండు రోజులు ఇల్లంతా తిరిగితే, ఈ మూడూ ఉన్న చోటు ఒక్కటే తేలింది. పడకగదిలో మా ఆవిడ బట్టల బీరువా, కింది అర. వెలుతురు ఎందుకు పనికిరాదో కూడా వివరించాను. హాప్స్ అనే పూల నుంచి వచ్చే చేదు మీద ఎండ పడితే, గంధకం కలిసిన ఒక పదార్థం పుట్టి బీరుకి పాడు కంపు పట్టుకుంటుంది, ముదురు గోధుమరంగు సీసాలు వాడేది అందుకే అని. ఆవిడ కదల్లేదు. చివరికి భాషాశాస్త్రాన్ని ఆశ్రయించాను. పేరులోనే ఉంది కదా, బీరువాలో బీరు ఉండకూడదని ఏ వ్యాకరణం చెప్పింది? మిగిలిన ఆ 'వా' ఒక్కటీ ఆశ్చర్యార్థకం. తాగినవాళ్లు అనేది.

భాషాభిమానం వల్లో, ఓపిక నశించడం వల్లో ఒప్పుకుంది. ఆ రాత్రే ఈస్ట్ పని మొదలుపెట్టింది. ఈస్ట్ అనే ఈ సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాలూ కార్బన్ డయాక్సైడూ చేస్తుంది. ఆ వాయువు మూతకున్న ఎయిర్‌లాక్‌లోని నీళ్లలోంచి బుడగలు బుడగలుగా బయటికి పోతుంది. పగలైతే ఆ చప్పుడు నాకు సంగీతం. రాత్రి ఒంటిగంటకు, చీకట్లో, బీరువాలోంచి వస్తే వేరేగా ఉంటుందని అప్పుడే తెలిసింది. "ఏమండీ, నా బట్టల్లో ఎవరో ఎక్కిళ్లు పెడుతున్నారు" అని లేపింది. "మంచి శకునం, ఈస్ట్ అంటుకుంది" అన్నాను. సోమవారం ఆవిడ ఆఫీసుకి వెళ్లొచ్చాక అసలు సంగతి బయటపడింది. ఉదయం పదింటి మీటింగులో, పక్క సీటు ఆవిడ రెండుసార్లు వాసన చూసి, కుర్చీ కాస్త జరుపుకుని, "ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని మెల్లగా అడిగిందట. ఉన్నాయని చెప్పిందట మా ఆవిడ.

ఇక్కడ ఒక వాస్తవం ఒప్పుకోవాలి. బీరు కాచడమంటే ఊళ్లో జనం అనుకునేట్టు కాచడం కాదు, కడగడం. పని అంతటిలో కాచేది కాసేపే, మిగతాదంతా తోముడే. పాలపిండిలా మెత్తటి క్లీనర్‌తో ముందు కడగాలి, తర్వాత శానిటైజర్‌తో ఇంకోసారి. గొట్టాలు, మూతలు, కుళాయి, గరిటె, థర్మామీటరు మొన, ఈస్ట్ పొట్లం కత్తిరించే కత్తెర, అన్నీ. అడవి ఈస్టో బ్యాక్టీరియానో ఒక్క చుక్క దూరితే 20 లీటర్లూ పులిసి పారబోసుకోవాల్సిందే. ప్లాస్టిక్ బకెట్‌ని పీచుతో తోమకూడదు. గీతలు పడతాయి, గీతల్లో బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అందుకే బకెట్‌కి మెత్తటి గుడ్డ, గోరువెచ్చటి నీళ్లు. నేను మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి లోపలి అంచులు చూస్తుంటే, మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని చాలాసేపు చూసింది. నాలో కొత్త మనిషిని చూసి మురిసిపోతోందనుకున్నాను.

"పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు ఒక్క గ్లాసు కడగడం చూడలేదు నేను" అంది.

గ్లాసు వేరు, ఫెర్మెంటర్ వేరు. గ్లాసులో సూక్ష్మజీవుల వల్ల బ్యాచ్ ఏమీ పాడవదు. శాస్త్రీయంగా ఇది తిరుగులేని వాదన. అయినా ఆవిడ ముఖంలో ఒప్పుకున్న జాడ కనిపించలేదు. ఈ హాబీలో ఉన్నవాళ్లందరికీ ఇదే అనుభవమని నా అనుమానం. సీసాలో కంటికి కనిపించని జీవిని చంపడానికి అరపూట పాటుపడతాం, సింకులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే గిన్నె మాత్రం కంటికి ఆనదు.

ఇక కాచే రోజు. ఈ రోజును ఇంట్లో ప్రకటించడానికి ఒక పద్ధతి ఉంది. "రెండు గంటల పని" అనాలి. వాస్తవానికి మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, 66 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టాలి, వడకట్టాలి, వచ్చిన తియ్యటి నీళ్లను, అంటే వర్ట్‌ని, ఇంకో గంట మరిగించాలి, చల్లార్చాలి, తర్వాత కడగాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. ఏడో బ్యాచ్ నాడు వర్ట్ మరగడానికి వచ్చింది. సరిగ్గా ఆ క్షణంలోనే ప్రొటీన్లు గడ్డకట్టి నురుగు ఒక్కసారిగా పైకి లేస్తుంది, పుస్తకాలన్నీ హెచ్చరిస్తూనే ఉంటాయి. నేను హాప్స్ తూచడానికి అటు తిరిగాను. త్రాసులో 28 గ్రాములు చూపించింది. ఇటు తిరిగేసరికి పొయ్యి కనిపించలేదు. నురుగు గిన్నె అంచు దాటి, పొయ్యి మీదుగా, గట్టు మీదుగా, సొరుగు సందుల్లోకి దిగి, లోపలున్న చెంచాల మీద తీరిగ్గా కూర్చుంది. వర్ట్ ఆరితే బంక. మాడితే తారు. ఆ సొరుగు ఇప్పటికీ తీస్తే 'చర్ర్' అంటుంది. దాన్ని తీసిన ప్రతిసారీ మా ఆవిడ నావైపు చూస్తుంది, ఏమీ అనదు.

మరిగిన వర్ట్‌ని ఎంత తొందరగా 20 డిగ్రీలకు దించితే అంత మంచిది. అందుకని ఫ్రిజ్‌లో ఉన్న ఐసంతా తెచ్చి బాత్‌టబ్‌లో పోసి, గిన్నెను అందులో కూర్చోబెట్టాను. గంటన్నర సేపు ఇంట్లో స్నానాల మీద కర్ఫ్యూ. తలకు షాంపూ పెట్టుకున్న మనిషి తలుపవతల నిలబడి ఉందన్న సమాచారం నాకు ఆలస్యంగా అందింది.

మనుషులనే కాదు, ఈస్ట్‌ని కూడా చరిత్ర చాలాకాలం ఇలాగే చూసింది. 1516లో జర్మనీలోని బవేరియాలో బీరు స్వచ్ఛత మీద ప్రసిద్ధమైన నిబంధన తెచ్చారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదన్నారు. ఈస్ట్ పేరు లేదు! రాత్రింబగళ్లు చాకిరీ చేసేది అదే, జాబితాలో మాత్రం ఎక్కలేదు. దాని లెక్క తేలడానికి 19వ శతాబ్దంలో పాశ్చర్ రావలసి వచ్చింది, ఒక్క జాతి ఈస్ట్‌ని విడదీసి పెంచడానికి 1883లో డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ అనే ఆయన రావలసి వచ్చింది. ఈ అన్యాయం మీద భోజనాల దగ్గర ఆవేశంగా మాట్లాడాను. పని చేసేవాళ్ల పేరు ఎక్కడా లేకపోవడం ఎంత దారుణం అన్నాను. మా ఆవిడ నా పళ్లెం తీస్తూ, "నిజమేనండీ, చాలా దారుణం" అంది. ఎందుకో ఆ గొంతులో సానుభూతి కాస్త ఎక్కువగా వినిపించింది. ఈస్ట్ మీదే అనుకుంటాను.

ఎనిమిదో బ్యాచ్‌కి లాగర్ అనే రకం బీరు మీద మనసు పడింది. లాగర్ ఈస్ట్‌కి చల్లదనం కావాలి, 10-12 డిగ్రీలు, తర్వాత సున్నాకి దగ్గర్లో వారాల నిల్వ. ఆ పేరే నిల్వ ఉంచడం అన్న జర్మన్ మాట నుంచి వచ్చింది. అంటే రెండో ఫ్రిజ్. ఇలాంటి సందర్భాల్లో తెలుగు భాష ఎంత దయగలదో చెప్పలేను. "కొన్నాను" అనకూడదు. "వచ్చింది" అనాలి. కర్త ఉండడు, బాధ్యత ఉండదు. "ఫ్రిజ్ వచ్చింది" అన్నాను. "నడుచుకుంటూ వచ్చిందా?" అంది. లాగర్ ఈస్ట్ పులిసేటప్పుడు కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తుందనీ, అది మామూలేననీ, కొన్నాళ్లకు పోతుందనీ ఆ రోజు చెప్పలేదు. అన్ని విషయాలూ ఒకేరోజు చెప్పి ఇంట్లోవాళ్లను టెన్షన్ పెట్టడం మంచి పద్ధతి కాదు.

ఆ లాగర్‌తోనే నాకు గట్టి దెబ్బ తగిలింది. పులిసేటప్పుడు డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది, అది బీరులో మిగిలిపోతే తాగుతుంటే వెన్న వాసన. దానికి విరుగుడుగా, పులియడం చివరికొచ్చాక రెండు మూడు రోజులు వెచ్చదనం పెంచుతారు. ఆ వెచ్చదనంలో ఈస్ట్ ఆ పదార్థాన్ని మళ్లీ తనే లోపలికి లాగేసుకుంటుంది. ఈ భాగాన్ని మా ఆవిడకు చదివి వినిపించాను, కాపురానికి కూడా పనికొస్తుంది కదా, గొడవయ్యాక నాలుగు రోజులు వెచ్చగా ఉంటే అంతా సర్దుకుంటుంది అన్న సదుద్దేశంతో. ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ఆ వాక్యం ఇంకోసారి చదువుకుంది.

"అంటే ఈస్ట్ తను చేసిన గలీజు తనే శుభ్రం చేసుకుంటుందా?"

"అవును."

"దానికి ఎన్ని కణాలుంటాయి?"

"ఒక్కటే."

ఆ తర్వాత ఆవిడ ఏమీ అనలేదు. అననక్కర్లేదు కూడా.

సీసాల్లో నింపే ఘట్టం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తప్పు నాదే. నీళ్లతో పోలిస్తే బీరు ఎంత చిక్కగా ఉందో, అంటే గ్రావిటీ ఎంతో, హైడ్రోమీటరు చెబుతుంది; ఆ రీడింగ్ దిగి, రెండు మూడు రోజులు మారకుండా ఉంటేనే పులియడం అయిపోయినట్టు. అప్పుడే సీసాల్లో పోయాలి. ఇంకా పులుస్తుండగానే మూత బిగించి, పైగా గ్యాస్ కోసం చక్కెర కూడా కలిపితే సీసా బాంబు. 1.050 నుంచి 1.010కి దిగాల్సింది, 1.020 దగ్గర ఉండగా తొందరపడ్డాను, మర్నాడు చుట్టాలొస్తున్నారని. చుట్టాలొచ్చిన పదో రోజు రాత్రి మూడు పేలాయి. వాళ్లు ఇంకా వారం ఉండాల్సింది, పొద్దున్నే బయల్దేరారు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఈ హాబీ వల్ల మా ఆవిడ మనస్ఫూర్తిగా సంతోషించిన సందర్భం అదొక్కటే. వాళ్లు మా వైపు చుట్టాలు.

ఇక నా లాగ్‌బుక్. ప్రతి బ్యాచ్‌కీ రోజూ రాస్తాను. "మూడో రోజు, ఉదయం 6. 19.5 డిగ్రీలు. నిమిషానికి 40 బుడగలు. వాసన బాగుంది. కాస్త అలసటగా ఉన్నట్టుంది, దుప్పటి చుట్టాను." పోయిన నెల ఆ పుస్తకం మా ఆవిడ చేతిలో పడింది. ఆ తేదీ దగ్గర వేలుపెట్టి చూపించింది. ఆ రోజు ఆవిడకు 101 జ్వరం. దుప్పటి ఏమైందా అని ఇల్లంతా వెతికిందట.

ఆ సాయంత్రమే ఆవిడ కూడా రాయడం మొదలుపెట్టింది, అదే పుస్తకంలో, కుడివైపు పేజీల్లో. హాబీలో భాగస్వామిని కలుపుకోవాలని నిపుణులు చెబుతారు కాబట్టి పొంగిపోయాను. పదకొండో బ్యాచ్ నడుస్తోంది. ఎడమవైపు నాది: "12వ రోజు. గ్రావిటీ 1.012. నిలకడగా ఉంది." కుడివైపు ఆవిడది, గుండ్రటి అక్షరాల్లో: "1వ రోజు. పెద్ద గిన్నె సింకులో. అడుగున బంక. కదలిక లేదు. 2వ రోజు. అదే గిన్నె, పైన పొర కట్టింది. ఆయన పక్కనుంచే వెళ్లి బకెట్‌కి గుడ్నైట్ చెప్పారు. 3వ రోజు. రీడింగ్‌లో మార్పు లేదు. వరసగా మూడు రోజులు మారకపోతే ఇంక ఇందులో జరిగేదేమీ లేదని పుస్తకంలో ఉంది. రేపు బయటికి తీసేయొచ్చు."

ఆ 'బయటికి' అన్నది గిన్నె గురించో, నా గురించో స్పష్టంగా లేదు. అడుగుదామని లేచాను. ముందు పీచెక్కడుంటుందో వెతకాలి.