పిట్ట కాలికి కట్టిన చీటీ

1835లో గాలాపగోస్ దీవుల్లో డార్విన్ మాకింగ్‌బర్డ్ పిట్టలను ఏ దీవికి ఆ దీవి విడిగా రాసిపెట్టుకున్నాడు. ఫించ్ పిట్టల విషయంలో మాత్రం ఆ జాగ్రత్త తీసుకోలేదు. 1837 జనవరిలో లండన్‌లో పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ వాటిని పరిశీలించి, ముక్కులు ఎంత వేరుగా ఉన్నా అవన్నీ దగ్గరి చుట్టాలేనని తేల్చాక ఆ లోటు ఎంత పెద్దదో తెలిసింది. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, సహాయకుడు సిమ్స్ కోవింగ్టన్ విడిగా సేకరించుకున్న పిట్టలకు దొరికిన చోటు రాసిపెట్టిన చీటీలు చూసి డార్విన్ దీవుల లెక్క కట్టుకోవలసి వచ్చింది.

జంతుశాస్త్ర చరిత్రను మనం సిద్ధాంతాల చరిత్రగా చదువుతాం. నా దృష్టిలో అది చీటీల చరిత్ర కూడా. చీటీ లేని నమూనా అందమైన బొమ్మ మాత్రమే. ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ 1854 నుంచి 1862 వరకు మలయ ద్వీపసమూహంలో (నేటి ఇండోనేషియా, మలేషియా ప్రాంతం) 1,25,660 నమూనాలు పోగుచేశాడు. ఏది ఏ దీవిలో దొరికిందో రాసుకోబట్టే, బాలి, లాంబోక్ దీవుల మధ్య ఉన్న సన్నని జలసంధి రెండు జంతు ప్రపంచాలను విడదీస్తోందని చూపగలిగాడు. ఆ పక్షుల్లో ఎన్నిటినో వేటాడి, ఒలిచి సిద్ధం చేసింది బోర్నియో దీవిలోని సారవాక్ యువకుడు అలీ. డార్విన్‌కు ఎడిన్‌బరోలో పక్షి చర్మం ఒలిచి నింపడం నేర్పింది బానిసత్వం నుంచి బయటపడిన గయానా వ్యక్తి జాన్ ఎడ్మన్‌స్టన్. వీరిని అడుగున సన్న అక్షరాల్లో ప్రస్తావించి వదిలేయడం అన్యాయం.

చీటీ రాయడంలో మెళకువలున్నాయి. స్థలం, తేదీ, సేకరించినవారి పేరు తప్పనిసరి. నెలను రోమన్ అంకెల్లో రాస్తారు. 5/6 అని రాస్తే మే నెలో జూన్ నెలో వందేళ్ల తర్వాత చెప్పేవారుండరు. కళ్లు, కాళ్లు, ముక్కు రంగులు త్వరగా వెలిసిపోతాయి కాబట్టి అప్పటికప్పుడే రాయాలి. ఆడో మగో ఈకలను బట్టి ఊహించకుండా, కోసి బీజకోశాలు చూసి, వాటి కొలత కూడా రాయాలి. కప్పలు, చేపల వంటివాటిని ముందు కుళ్లకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో గట్టిపరచి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌కు మారుస్తారు. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. అందుకే కండ ముక్కను ముందే తీసి 95 శాతం ఆల్కహాల్‌లో దాచాలి. చీటీ సీసా లోపలే ఉండాలి, బయట అంటిస్తే జిగురు ఊడిపోతుంది. మామూలు బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పెన్సిల్ గీత నిలుస్తుంది.

చీటీ లేకపోవడం కన్నా ప్రమాదం దొంగ చీటీ. బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకర్త రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ ఇతరుల నమూనాలు దొంగిలించి, తానే పట్టినట్టు కొత్త చీటీలు కట్టాడు. 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన అడవి పైడికంటె (చిన్న గుడ్లగూబ) ఒకటి అలా 1914 నాటి గుజరాత్ పక్షిగా మారిపోయింది. పక్షి శాస్త్రవేత్తలు పమేలా రాస్‌ముసెన్, నైజెల్ కాలర్ ఎక్స్‌రేలతో సహా పరిశీలించి మోసాన్ని బయటపెట్టారు. చర్మం ఒలిచి నింపే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, అది చేతిరాత లాంటిది. ఆ చీటీని పక్కనపెట్టి, నమ్మదగిన పాత చీటీల్లోని ప్రాంతాల్లో వెతికాకే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర కనుమరుగైన ఆ పక్షి మళ్లీ కనబడింది.

పాత సేకరణలు దుమ్ముపట్టిన సామాను అనేవారు బ్రిటిష్ పక్షి పరిశోధకుడు డెరెక్ రాట్‌క్లిఫ్ పని చూడాలి. బ్రిటన్‌లో దశాబ్దాలుగా పోగైన పెరెగ్రిన్ డేగ గుడ్ల పెంకుల బరువును, వాటి పొడవు వెడల్పులను కలిపి ఆయన పోల్చాడు. 1940ల చివర నుంచి పెంకులు దాదాపు ఐదో వంతు పలచబడ్డాయని 1967లో ప్రకటించాడు. దోషి డీడీటీ అనే పురుగుమందని తర్వాత రుజువైంది. ఆ గుడ్లు సేకరించినవారి మనసులో పురుగుమందుల ఊసే లేదు. అయినా గుడ్డు గుడ్డుకూ ఏడాది రాసిపెట్టారు.

ఇప్పుడు మ్యూజియాలు ఈ చీటీలను కంప్యూటర్లకు ఎక్కిస్తున్నాయి. ఇక్కడే కొత్త తప్పు దొర్లుతోంది. పాత చీటీ మీద జిల్లా పేరు మాత్రమే ఉంటే, జిల్లా నడిమధ్య బిందువుకు అక్షాంశ రేఖాంశాలు వేస్తారు. పటంలో చూసేవారికి పిట్ట సరిగ్గా అక్కడే దొరికినట్టు అనిపిస్తుంది. ఆ బిందువు పక్కన ఎన్ని కిలోమీటర్ల వరకు తేడా ఉండొచ్చో రాయాలి, చీటీలోని మాటలను అక్షరం మార్చకుండా ఎక్కించాలి, చీటీ ఫొటోనూ జతచేయాలి.