టిఫిన్ డబ్బాకు తగిన మర్యాద

నిజాం నవాబుల సొత్తును ఎలా కాపాడాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పెద్దలు తాళాల గురించి, కెమెరాల గురించి, కాపలావాళ్ల గురించి మాట్లాడతారే తప్ప, ఆ వస్తువుల చేత అవి చేయవలసిన పని చేయించినవారెవరన్న సంగతి ఎవరూ ఎత్తరు. న్యాయంగా చూస్తే ఆ గౌరవం ఒక దొంగకు దక్కాలి.

2018 సెప్టెంబరులో ఒక రాత్రి హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి వెంటిలేటరు గుండా తాడుతో దిగిన దొంగలు వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాను, కప్పును, సాసరును, చెంచాను పట్టుకుపోయారు. కొద్దిరోజులకే వారిని పట్టుకున్న పోలీసులు చెప్పినదేమిటంటే, ముంబయిలో స్టార్ హోటల్లో మకాం పెట్టి, సరుకు కొనే నాథుడు దొరక్కపోయినా, వారిలో ఒకడు పూటపూటా ఆ డబ్బాలోనే భోంచేశాడట! ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సైతం ఎన్నడూ అందులో తినలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. దశాబ్దాల పాటు ఒక్క మెతుక్కైనా నోచుకోని డబ్బా అన్నం రుచి చూసింది ఆ కొద్దిరోజులే. చట్టం తన పని తాను చేసుకుపోయింది; డబ్బా దొరికింది, దాని పస్తులు మళ్లీ మొదలయ్యాయి. (అప్పగించే ముందు దాన్ని కడిగారా, లేక సాక్ష్యం చెరిగిపోతుందని అలాగే ఉంచారా అన్నది నన్ను నేటికీ వేధిస్తున్న ప్రశ్న.)

వస్తువుకు మర్యాద అది చేసే పనిలోనే ఉందన్న ఈ సూత్రానికి సాలార్‌జంగ్ మ్యూజియంలో తిరుగులేని నిదర్శనం ఉంది. ఇటలీ శిల్పి బెంజోనీ పలుచని మేలిముసుగును సైతం పాలరాతిలో చెక్కిన రెబెక్కా విగ్రహం ముందు సెల్ఫీకి చాలినంత సేపే నిలబడే జనం, గంట కొట్టే గడియారం ముందు మాత్రం బారులు తీరి కూర్చుని, గడ్డం బొమ్మ తలుపు తీసుకుని ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు. వారికి కళాదృష్టి లేదని నిందించడం తగదు. అన్ని వేల వస్తువుల్లో ఉద్యోగం చేస్తున్నది అదొక్కటే కదా. ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే భోజనాల బల్లకూ ఉద్యోగం ఉంది గానీ, 2010 నుంచి ఆ ప్యాలెస్ హోటలు కావడం వల్ల అది బిల్లు కట్టగలిగినవారికే సేవ చేస్తోంది.

ఇక మిగిలింది జేకబ్ వజ్రం. సుమారు 185 క్యారెట్ల ఆ రాయిని కొని కోర్టు గొడవల్లో చిక్కుకున్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని కాలిజోడులో దాచారని, తండ్రి తదనంతరం అది దొరికిన ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నారని చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలిచ్చి ఆ వజ్రంతో సహా 173 నగలను కొని, రిజర్వు బ్యాంకు ఖజానాకు చేర్చింది. తండ్రి దగ్గర జోడులో, కొడుకు దగ్గర బల్ల మీద ఉన్న వస్తువు, ప్రజల ఆస్తి అయిన మరుక్షణం ప్రజల కంటికి కరువైంది. 2019లో ఢిల్లీలో జరిగినట్టుగా ఏనాడో ఒకసారి ప్రదర్శన పెడితే హైదరాబాదు వాళ్లు రైలెక్కి వెళ్లి తమ నగరపు నగలను చూసి రావచ్చు.

కనుక ఏలినవారికి నా విన్నపం: ఆ వజ్రాన్ని హైదరాబాదుకు తెప్పించి సచివాలయంలో ఏదైనా పాత ఫైలు మీద పెట్టించండి. అక్కడ ఫైలు కదలదు కాబట్టి దాని మీది వజ్రమూ కదలదు, పైగా ఖజానా అద్దె కలిసివస్తుంది.