ఒక్క ముక్క ముందే తెలిసుంటే బాగుండేది

మౌస్ ఉండగా, ప్రధానంగా కీబోర్డుతో నడిపే టెక్స్ట్ ఎడిటర్ విమ్‌ను నేర్చుకోవడం టైమ్ వేస్ట్ అని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. మొదటి వారం నేనూ వదిలేద్దామనే అనుకున్నాను. టైప్ చేస్తుంటే అక్షరాలు పడవు, ఉన్న లైన్లు మాయమవుతాయి. విమ్ తెరవగానే మనం ఉండేది నార్మల్ మోడ్‌లో. అక్కడ ప్రతి కీ ఒక కమాండ్. 'ఐ' నొక్కితేనే రాయగలం, ఎస్కేప్ నొక్కితే మళ్లీ కమాండ్లలోకి వస్తాం. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు సగం టెన్షన్ తగ్గేది.

'డి' అంటే తీసెయ్యి, 'డబ్ల్యూ' అంటే పదం. రెండూ వరసగా నొక్కితే కర్సర్ దగ్గర్నుంచి ఆ పదం పోతుంది. కోట్స్ మధ్య కర్సర్ పెట్టి 'సి', 'ఐ', ఆ వెంటనే కోట్ గుర్తు నొక్కి చూడండి. లోపలున్నదంతా పోయి, కొత్తది రాసుకోవడానికి కర్సర్ అక్కడే సిద్ధంగా ఉంటుంది. నాకు విమ్ మీద ఇష్టం పుట్టింది అక్కడే!

బాణం కీలు ఉండగా హెచ్, జె, కె, ఎల్ కీలతో కర్సర్‌ను కదపడమేమిటని వ్యాసకర్త విసుక్కున్నారు. దానికో కారణం ఉంది. 1976లో ప్రోగ్రామర్ బిల్ జాయ్ విమ్‌కి మూలమైన వీఐ అనే ఎడిటర్‌ని రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో (స్క్రీన్, కీబోర్డు ఉన్న అప్పటి పరికరం) బాణం గుర్తులు ఆ నాలుగు కీల మీదే ఉండేవి. చెయ్యి కదపకుండానే వేళ్లకు అందుతాయి కాబట్టి ఆ పద్ధతి ఇప్పటికీ హాయిగానే ఉంది.

కొత్తవాళ్లు విమ్‌తో పాటే వచ్చే విమ్‌ట్యూటర్ అనే పాఠంతో మొదలుపెట్టండి. అరగంట పని, చదివి వదిలేయకుండా చేత్తో చేయండి. తెలుగులో రాసేవాళ్లకు ఇంకోమాట: ఎస్కేప్ నొక్కాక కీబోర్డును ఇంగ్లిష్‌కి మార్చుకోండి, లేకపోతే కమాండ్లు పనిచేయవు.