యూరియా బకెట్ ఎందుకు చల్లబడుతుంది?

పిచికారీ కోసం బకెట్ నీళ్లలో యూరియా కలిపిన ప్రతి రైతుకూ తెలుసు, చెయ్యి పెడితే జివ్వుమంటుంది. ఐదు లీటర్ల నీళ్లలో కిలో యూరియా కరిగితే ఎనిమిది, తొమ్మిది డిగ్రీల దాకా చల్లబడొచ్చు. ఇంటికి వెల్ల వేయడానికి కాల్చిన సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తే మాత్రం కుతకుతా ఉడుకుతుంది. ఒకటి వేడిని లాక్కుంటోంది, ఇంకొకటి వదులుతోంది. రెండూ వాటంతట అవే జరుగుతున్నాయి.

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో థర్మోడైనమిక్స్ పాఠం ఈ రెండు బకెట్ల దగ్గరే మొదలవ్వాలి. చాలా క్లాసుల్లో అది గిబ్స్ ఫార్ములా దగ్గర మొదలవుతుంది: డెల్టా హెచ్ (వేడిలో మార్పు) లోంచి టీ డెల్టా ఎస్ (ఉష్ణోగ్రతతో గుణించిన ఎంట్రోపీ మార్పు) తీసేయ్, జవాబు మైనస్ వస్తే చర్య జరుగుతుంది. ఎంట్రోపీ అంటే కణాలు, వేడి ఎంతగా చెదిరిపోయాయో చెప్పే కొలత. ఎంట్రన్స్ బిట్‌కి అది చాలు. కానీ వేడి బయటికొస్తేనే చర్య దానంతట అది జరుగుతుందన్న నమ్మకం పిల్లల మనసులో అలాగే ఉండిపోతుంది. అందుకు పిల్లల్ని తప్పుపట్టలేం. 19వ శతాబ్దంలో జూలియస్ థామ్సన్, బెర్తెలో లాంటి పెద్ద రసాయన శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్లాసియస్ 1865లో ఎంట్రోపీ అని పేరు పెట్టిన రాశిని లెక్కలోకి తెచ్చాకే చిక్కు విడింది.

ఆ లెక్కకు రెండు ఖాతాలుంటాయి. ఒకటి పదార్థానిది, రెండోది చుట్టూ ఉన్న పరిసరాలది. రెండూ కలిపి మొత్తం ఎంట్రోపీ పెరిగితేనే చర్య దానంతట అది జరుగుతుంది. ఒక మోల్ యూరియా, అంటే 60 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర కరిగితే సుమారు 14 కిలోజౌళ్ల వేడి లాక్కుంటుంది. పరిసరాలు పోగొట్టుకున్న ఆ వేడిని 298 కెల్విన్‌తో (అంటే అదే 25 డిగ్రీలు) భాగిస్తే వాటి ఎంట్రోపీ 47 తగ్గినట్టు (ఇక్కడ లెక్కంతా కెల్విన్‌కి ఇన్ని జౌళ్లు అని). అయితే స్ఫటికంలో వరసగా కూర్చున్న అణువులు నీళ్లలో చెదిరిపోవడం వల్ల పదార్థం ఎంట్రోపీ దాదాపు 69 పెరుగుతుంది. మొత్తం మీద 22 లాభం. అందుకే కరుగుతుంది.

సున్నం కథ దీనికి తలకిందులు. నీరు సున్నంలో చేరి ఘనపదార్థంగా కట్టుబడిపోతుంది కాబట్టి పదార్థం ఎంట్రోపీ 25 దాకా తగ్గుతుంది. కానీ బయటికొచ్చిన 65 కిలోజౌళ్లు పరిసరాల ఎంట్రోపీని 218 పెంచుతాయి. నష్టపోయింది పదార్థం, గెలిచింది మొత్తం. గిబ్స్ ఫార్ములా ఈ రెండు ఖాతాలనూ ఒకే వరసలో ఇమిడ్చింది. సౌకర్యమే, కానీ పరిసరాలు కంటికి కనపడకుండా పోయాయి. అందుకే దాన్ని చివర్లో చెప్పాలంటాను.

లెక్కలో దొర్లే తప్పుల్లో జౌళ్లు, కిలోజౌళ్లు కలిపేయడం అందరికీ తెలిసిందే. అంతకంటే లోతైనది ఇంకొకటుంది. మూలకాల సంఘటనోష్ణం (మూలకాల నుంచి పదార్థం ఏర్పడేటప్పుడు వేడిలో వచ్చే మార్పు) సున్నా అని నేర్పుతాం. పిల్లలు ఎంట్రోపీకీ సున్నా వేసేస్తారు. హైడ్రోజన్ ఎంట్రోపీ మోల్‌కి 131, ఆక్సిజన్‌ది 205, నీటిది 70. ఒక మోల్ నీటికి ఒక మోల్ హైడ్రోజన్, అర మోల్ ఆక్సిజన్ కావాలి కాబట్టి అది ఏర్పడితే 163 తగ్గాలి. మూలకాలకు సున్నా వేస్తే 70 పెరిగినట్టు వస్తుంది! రెండు వాయువులు కలిసి ద్రవమైతే ఎంట్రోపీ ఎలా పెరుగుతుందని ఒక్క క్షణం ఆగితే చాలు, తప్పు దొరికిపోతుంది. అంకె వేసే ముందు పెరుగుతుందా, తగ్గుతుందా అని నోటితో చెప్పించే టీచర్ దగ్గర ఈ తప్పు నిలవదు.

ఇక పిడుగురాళ్ల సున్నపు బట్టీల సంగతి. సున్నపురాయి విడిపోవాలంటే మోల్‌కి 178 కిలోజౌళ్లు కావాలి. కార్బన్ డయాక్సైడ్ వాయువుగా విడుదలవుతుంది కాబట్టి ఎంట్రోపీ 161 పెరుగుతుంది. మామూలు ఎండకు ఆ పెరుగుదల చాలదు. వేడి పెరిగేకొద్దీ అవే కిలోజౌళ్లను ఇంకా పెద్ద ఉష్ణోగ్రతతో భాగిస్తాం కాబట్టి పరిసరాల నష్టం తగ్గుతూ వస్తుంది. 1,78,000ని 161తో భాగిస్తే సుమారు 1,105 కెల్విన్, అంటే 830 డిగ్రీల పైమాట. అక్కడ రెండు ఖాతాలూ సరిసమానమవుతాయి. బట్టీని అంతకంటే వేడిగా మండిస్తేనే రాయి సున్నమవుతుంది.