లంకని గిరగిరా తిప్పితే నిలుస్తుందా?

నేనో నవల రాస్తున్నాను. మూడొందల ఏళ్ళ తర్వాతి కథ. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాల మీద మనుషులు కాపురాలుంటారు. మా మేనమామ ముప్ఫై ఏళ్ళు కాలవల మీద లస్కరుగా చేశాడు. తూము పలకలు ఎత్తడం, దించడం, వంతులు చూడడం ఆయన పని. రాసినంత వరకూ చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. ముక్తేశ్వరం రేవు దగ్గర ఏటిగట్టు మీద కూర్చుని మేమిద్దరం వాదించుకున్నది ఇది.

మావయ్య: నీ కథలో అందరూ ఆ రాళ్ళలోంచి ఇనుము, నికెలు, ప్లాటినం తవ్వి భూమ్మీదకి దింపుతున్నారు. దేనికే అమ్మడూ?

కోడలు: ఇక్కడ తవ్వకుండా ఉండడానికి. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి రెండు నెలల పైన మండింది. ఆ మంట మాట అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఊరూ చెట్టూ లేని చోట తవ్వుకుంటే ఎవరి కొంపా కాలదు. అక్కడ ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య లక్షల కిలోమీటర్లు ఖాళీ.

మావయ్య: సరే, దింపావు. ధరో? 2011లో సార్వా వేస్తే పెట్టుబడి కూడా రాదని కోనసీమ రైతులు పంట విరామం అని చేలు వదిలేశారు. కొండంత ప్లాటినం ఒక్కసారి దింపితే మర్నాడు దానికి తవుడు ధర కూడా పలకదు. నీ గనివాళ్ళు ఏం తిని బతుకుతారు?

(దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళాక రెండో అధ్యాయం మొత్తం కొట్టేశాను.)

కోడలు: అయితే లోహం పక్కన పెడదాం. నీళ్ళు తీసుకో. ఇక్కణ్ణుంచి ఒక్క బిందె నీళ్ళు పైకి పంపాలన్నా రాకెట్టు బరువులో చాలా భాగం ఇంధనానికే పోతుంది. అదే నీళ్ళు పైనే దొరికితే? బెన్నూ అనే గ్రహశకలం మీద 2020లో మట్టి తీశారు. 2023లో అది భూమికి చేరింది, 121 గ్రాములు. అందులో నీటిని పట్టి ఉంచిన బంకమట్టి ఉంది. సిరీస్ అనే ఇంకో గ్రహశకలం అయితే 940 కిలోమీటర్ల అడ్డకొలతున్న పెద్ద ఉండ. దాని నేల కింద మంచు ఉంది. కరెంటుతో నీళ్ళని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్ వస్తాయి. రాకెట్టుకి ఇంధనమూ అవే, మనిషికి ఊపిరీ అందులోదే. అది గని కాదు మావయ్యా, చెరువు.

మావయ్య: చెరువన్నావా, ఇప్పుడు నా దారికొచ్చావు. మరి తూము తాళం ఎవరి దగ్గరుంది?

కోడలు: 1967 ఒప్పందం ప్రకారం అంతరిక్షంలో ఏదీ ఏ దేశానికీ సొంతం కాదు. కానీ తవ్వి తీసింది తీసినవాళ్ళదేనని 2015లో అమెరికా చట్టం చేసుకుంది.

మావయ్య: చెరువు ఎవరిదీ కాదు, తోడిన నీళ్ళు మాత్రం తోడినవాడివి. అంటే పెద్ద మోటారున్నవాడిదే చెరువు. ఒక దాళ్వాలో, అంటే రెండో పంటకి, రాత్రి పదింటికి, శివారు రైతొకాయన నా తూము దగ్గరికొచ్చి కూర్చున్నాడు. తువ్వాలులోంచి చేలో మట్టిపెళ్ళ తీసి నా అరచేతిలో పెట్టాడు. బీటకి వేలు దూరుతోంది. ‘ఒక్క తడి చాలు బాబూ’ అన్నాడు. వంతు అవతలి కాలవ వాళ్ళది. నేను పలక ఎత్తలేదు. తెల్లారేదాకా అక్కడే కూర్చుని వెళ్ళిపోయాడు. నీ సిరీస్ మీద ఆ మనిషి ఎక్కడే? నాలుగు అధ్యాయాల్లో నాకు కనపడలేదు.

(ఆ పెళ్ళ సంగతి నేనెప్పుడూ వినలేదు. మా అత్తకి తెలుసో లేదో అడగాలి.)

కోడలు: అయిదో అధ్యాయంలో వస్తాడు. బెన్నూలాంటి రాయిని లోపల దొలిచి, తనచుట్టూ తాను తిరిగేలా చేసి, అందులో ఊరు కడతారు. అంత చిన్న రాయి మీద బరువు తెలియదు, తిప్పితేనే కాలు నేలకి ఆనుతుంది. అర కిలోమీటరు వెడల్పున్న రాయి, భూమ్మీద బరువే కావాలంటే అర నిమిషానికో చుట్టు తిరగాలి.

మావయ్య: ఆ రాయి గట్టిదేనా?

కోడలు: గట్టిది కాదు. రాళ్ళగుట్ట. మట్టి తీయడానికెళ్ళిన యంత్రం చెయ్యి అడ్డే లేనట్టు లోపలికి దిగబడిపోయింది.

మావయ్య: అంటే ఏటి మధ్య ఇసుక లంక! ఈ సీజన్లో ఇక్కడ మేట వేస్తుంది, వచ్చే వరదకి కోసుకుపోతుంది. దాన్ని గిరగిరా తిప్పితే నిలుస్తుందా?

ఆయన కారియర్ మూత తిరగేసి, దాని మీద పిడికెడు ఇసుక కుప్పగా పోసి, నేల మీద పెట్టి గిర్రున తిప్పాడు. అంచుల్లో ఇసుక ముందు పోయింది, తర్వాత కుప్పంతా. నా చీర కుచ్చిళ్ళ నిండా ఇసుకే.

కోడలు: నిజమే. అలాంటి గుట్టలు పెద్దవైతే రెండుంపావు గంటలకంటే వేగంగా ఒక చుట్టు తిరిగేవి దాదాపు కనపడవు. తిరిగితే విచ్చిపోతాయి. సరే, దొలవను. ఇనుప పీపా ఒకటి కట్టి దాన్నే తిప్పుతాను. ఈ రాళ్ళూ మట్టీ దాని చుట్టూ కదలకుండా ఉంటాయి, అంతరిక్షంలోంచి వచ్చి ఒంటికి చెరుపు చేసే కాస్మిక్ కిరణాలు లోపలికి రాకుండా. మన ఏటిగట్టు లాగా.

మావయ్య: అది బావుంది. కానీ గట్టున్న చోట గండి ఉంటుంది. 1986 వరదకి మేం రాత్రంతా గట్టు కాసింది ఏటి కోసమే కాదు, ఎవడైనా తన ఊరు నిలుపుకోడానికి మన వైపు గండి కొడతాడేమోనని కూడా. 2022లో ఓ రాయిని గుద్ది దారి మార్చారన్నావుగా?

కోడలు: డైమార్ఫాస్. పెద్ద రాయి చుట్టూ పదకొండు గంటల యాభై అయిదు నిమిషాలకో చుట్టు తిరిగేది. అంతరిక్ష నౌకతో గుద్దాక అరగంట పైనే తగ్గింది.

మావయ్య: అటు తొయ్యడం నేర్చినవాడికి ఇటు తొయ్యడమూ వస్తుంది. అందుకే అంటున్నాను, నీ కథలోనైనా వాటిని ముట్టుకోకుండా వదిలెయ్.

కోడలు: వదలను. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ అనే రాయి మనకి 32 వేల కిలోమీటర్ల దగ్గరగా వెళ్తుంది. అది గుద్దదు. ఎప్పుడో ఒకటి గుద్దడానికి వస్తుంది. అప్పుడు తొయ్యడం రాని మనుషులం అవుదామా? 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు కాబట్టే తూము తాళం తగువొచ్చింది. కట్టకపోతే ఆ తగువు ఉండేది కాదు, ఈ డెల్టాలో ఇంత తిండీ ఉండేది కాదు. నువ్వు ముప్ఫై ఏళ్ళు చేసిన ఉద్యోగమూ ఉండేది కాదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అవతల కోటిపల్లి నుంచి పంటు బయల్దేరింది.

మావయ్య: ఆ శివారు మనిషి నీ సిరీస్ తూము దగ్గరికొస్తే, వంతు అవతలివాళ్ళదైతే, నీ లస్కరు ఏం చేస్తాడు?

కోడలు: పలక ఎత్తుతాడు.

మావయ్య: అయితే ఆ రాత్రి అవతలివాళ్ళ చేను ఎలా ఉందో కూడా రాయి. అదీ నాలాంటివాడి చేతే చెప్పించు.