మూడింటికి పికప్

పెరూ దేశంలో అరెకిపా అని ఒక ఊరుంది. తెల్లటి అగ్నిపర్వత రాయితో కట్టిన చక్కటి ఊరు. అక్కడ రాత్రి మూడు గంటలకు మేలుకుని ఉండేవాళ్ళు మూడే రకాలు: దొంగలు, పోలీసులు, కోల్కా లోయ ట్రెక్‌కి డబ్బు కట్టినవాళ్ళు. మొదటి ఇద్దరికీ ఆ మెలకువ వల్ల ఏదో ఒక ఆదాయం ఉంటుంది.

రసీదు మీద ‘పికప్ 3.00’ అని ఉంటుంది. మనం బుద్ధిగా మూడింటికి బ్యాగు తగిలించుకుని హోటల్ గుమ్మంలో నిలబడతాం. వ్యాన్ మూడున్నరకి వస్తుంది. వచ్చాక ఊళ్ళోని హోటళ్ళన్నీ ప్రదక్షిణ చేస్తుంది. ఆఖరి హోటల్లో ఎక్కాల్సిన మనిషి అప్పటికింకా స్నానం చేస్తుంటాడు. ఆయన మన తెలుగువాడే అయి ఉంటాడని వేరే చెప్పక్కర్లేదు. డాలస్ నుంచి వచ్చిన మా బ్యాచ్ కుర్రాడు తడి జుట్టుతో వ్యాన్ ఎక్కి, “సారీ అన్నా, వేడినీళ్ళు లేట్‌గా వచ్చాయి” అన్నాడు. చీకట్లో 4,900 మీటర్ల ఎత్తున్న పటపంపా కనుమ దాటేటప్పుడు వ్యాన్‌లో సగంమందికి తలనొప్పి, మిగతా సగానికి వాంతి. చుట్టూ అగ్నిపర్వతాలు ఉంటాయట. మాకు కనపడింది ముందు సీటు వెనక తగిలించిన ప్లాస్టిక్ కవరు.

ఇంత అర్ధరాత్రి యాగం దేనికయ్యా అంటే, కాండోర్ కోసం.

కాండోర్ అంటే అండీస్ రాబందు. రెక్కలు చాస్తే 3 మీటర్లు, బరువు 15 కిలోల దాకా. అంత ఒళ్ళు పెట్టుకుని రెక్కలాడిస్తూ ఎగరడం దానికి గిట్టుబాటు కాదు. పొద్దెక్కి, లోయ గోడలు వేడెక్కి, వేడిగాలి పైకి లేస్తేనే అది రాతి అంచు నుంచి జారి గాల్లో తేలుతుంది. అంటే ఎనిమిదో, తొమ్మిదో. మబ్బు పడితే ఆ పూటకి సెలవు. వేల ఏళ్ళుగా దాని డ్యూటీ టైమ్ ఇదే. అందులో దాని తప్పేమీ లేదు. తొమ్మిదింటికి లేచే పక్షి కోసం మనిషిని మూడింటికి లేపినవాడితోనే నా పేచీ. పైగా ఎంత శుభప్రదమైన పక్షి! మన దగ్గర ఇంటి కప్పు మీద రాబందు వాలిందంటే తాళం వేసి, శాంతి చేయించాక గానీ గడప తొక్కేవాళ్ళు కాదు పెద్దలు. వాళ్ళ మనవలు ఇక్కడ, మేం వెళ్ళినప్పటి లెక్కన, మనిషికి 70 సోళ్ళు (సోల్ అంటే పెరూ రూపాయి) పెట్టి టికెట్ కొని దాని రాక కోసం ఎదురుచూస్తున్నారు.

ఆ ఎదురుచూపు గురించి కాస్త వివరంగా చెప్పాలి. క్రూస్ దెల్ కాండోర్ అనే ఆ రాతి అంచు మీద వందలమంది గుమిగూడి ఉంటారు. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో గేటు తీస్తారా లేదా అని చూసే ముఖాలే అన్నీ, లడ్డూ ఆశ ఒక్కటే తక్కువ. ఎవరో “అదిగో!” అన్నారు. వంద ఫోన్లు లేచాయి. అది పిచుకంత పిట్ట. ఫోన్లు దిగాయి. మళ్ళీ “అదిగో!” ఈసారి పక్క కొండ నీడ. చివరికి ఎనిమిది నలభైకి నిజంగానే ఒకటి కింద నుంచి తేలుతూ వచ్చి, మా తలల మీదుగా, రెక్క కూడా కదపకుండా, అవతలి మలుపు తిరిగిపోయింది. అద్భుతమే, కాదనను. కానీ ఆ అద్భుతం గోధుమ రంగులో ఉంది. పెద్ద కాండోర్ నల్లగా ఉంటుంది, మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉంటుంది. గోధుమ రంగుదంటే ఇంకా పిల్ల. వెంటనే మా గుంపులో చర్చ మొదలైంది: పిల్ల కాండోర్ లెక్కలోకి వస్తుందా రాదా? ఒకాయన గైడ్‌ని నిలదీశాడు. “మీ వెబ్‌సైట్‌లో పెట్టిన ఫోటో నల్లది కదా?” గైడ్ ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. “పెద్దవాళ్ళు ఇంకా లేవలేదు సార్” అన్నాడు. ఆ లోయలో నేను విన్న అత్యంత తెలివైన మాట అదే. పెద్దవాళ్ళు లేచేదాకా ఆగుదామా అంటే వీల్లేదు, తొమ్మిదింటికి వ్యాన్ కదలాలి. మూడింటికి లేపి, ఎనిమిదిన్నర దాకా కూర్చోబెట్టి, తొమ్మిదింటికి తరిమేశారు.

ఇక లోతు. ప్రతి కరపత్రం మీదా ‘గ్రాండ్ కాన్యన్‌కి రెట్టింపు లోతు’ అని ఉంటుంది. నిజమే, కొండ కొస నుంచి నది దాకా కొలిస్తే కోల్కా లోతు 3,000 మీటర్లు దాటుతుంది. అరెకిపా ప్రాంతంలోనే ఉన్న కోటవాసి లోయ ఇంకా లోతని ఆ ఊరివాళ్ళు గొడవకొస్తారు, అది వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటారు. గమ్మత్తేమిటంటే ఆ కొండ కొస నుంచి ఏ ట్రెక్కూ మొదలవదు. మనం 3,290 మీటర్ల ఎత్తున్న కాబానకొండె ఊరి నుంచి దిగి, 2,200 మీటర్ల దగ్గరున్న సంగాయె అనే పచ్చటి చోట పడుకుంటాం. తేడా 1,100 మీటర్లు. అమెరికాలో బ్రైట్ ఏంజెల్ దారిలో గ్రాండ్ కాన్యన్ నది దాకా దిగితే సుమారు 1,340. అంటే రెట్టింపు లోతున్న లోయలో తక్కువ దిగడానికి ఎక్కువ దూరం వచ్చాం. ఈ కొలతల జబ్బు మనకీ ఉందిలెండి. గండికోట దగ్గర పెన్నా తనపాటికి తాను రాయి కోసుకుని బతుకుతుంటే దాన్ని ‘ఇండియన్ గ్రాండ్ కాన్యన్’ చేసేదాకా నిద్రపోలేదు.

నడక రెండు రోజులు, మూడు రోజులు అని రెండు రకాలు. దారి దాదాపు అదే. మూడు రోజులవాళ్ళు మధ్యలో సాన్ హువాన్ అనే చిన్న పల్లెలో ఒక రాత్రి ఆగుతారు, మనుషుల్లా నడుస్తారు. రెండు రోజులవాళ్ళకి ఆ పల్లె భోజనానికి మాత్రమే. సూప్ తాగుతుండగానే గైడ్ వాచీ చూస్తాడు. కోస్నిర్వా, మలాటా ఊళ్ళు ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో తెలీదు. దారిలో నాగజెముడు ఆకు మీది తెల్లటి బూజు గీకి, అందులోని పురుగును అరచేతిలో నలిపితే ఎర్రటి రంగు వస్తుంది, అది చూపిస్తారు. లిప్‌స్టిక్కుల్లో వాడే రంగు అదే. అందరూ అరచేతులు ఫోటో తీసుకుంటారు. ముందుకి.

సాయంత్రం సంగాయెలో ఈతకొలను ఉంటుంది. ట్రెక్ అమ్ముడుపోయేది ఈ కొలను బొమ్మతోనే. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒకావిడ ఫిర్యాదు చేసింది. వైఫై రాలేదని మా డాలస్ కుర్రాడు నక్షత్రాల కింద ఫోన్ ఎత్తి పట్టుకుని తిరిగాడు. తెల్లారుజామున నాలుగున్నరకి మళ్ళీ లేపారు. ఈసారి కారణం ఉంది: ఎండెక్కితే ఆ 1,100 మీటర్లు ఎక్కడం నరకం. ఆ టైముకి గుడిసెల ముందు కంచర గాడిదలు జీనుతో సిద్ధంగా ఉంటాయి. ‘మూలా టాక్సీ’ అంటారు. రాత్రి పదింటిదాకా “నేనైతే నడిచే ఎక్కుతా” అన్న వీరులంతా హెడ్‌లైట్ల వెలుగులో వరసలో నిలబడి బేరం మొదలుపెట్టారు. అమెరికాలో కాఫీకి చిల్లర వదిలేసే మనుషులు పది సోళ్ళ దగ్గర పట్టుపట్టారు. గాడిద తోలే ఆయన ఏమీ అనలేదు. జీను బిగిస్తూ ఉన్నాడు.

మా గైడ్‌ది కాబానకొండె. ఎక్కుతూ ఒక మలుపు దగ్గర అందరం ఆయాసపడి కూలబడితే, తనంతట తాను చెప్పడం మొదలుపెట్టాడు. పైన కనపడే మెట్ల పొలాల్లో కొన్ని ఇంకా సామ్రాజ్యం కంటే పాతవి. వాటిలో పండేది కాబానితా మొక్కజొన్న, చుట్టుపక్కల దానికి మంచి పేరు. నీళ్ళు వాల్కా వాల్కా అనే 6,000 మీటర్ల మంచుకొండ నుంచి వస్తాయి. ఆ కొండ వాళ్ళకి దేవుడు కూడా. వంతులవారీగా నీళ్ళు వదలడానికి ఊరు ఒక మనిషిని పెట్టుకుంటుంది, మన నీరటిలాగా. ఇంతలో ప్రభుత్వం లోయ ఎగువన కోల్కా నదిని మళ్ళించి, కొండలకి సొరంగాలు తొలిచి, సుమారు వంద కిలోమీటర్ల కాలువ తవ్వి, నీళ్ళను మాహెస్ ఎడారికి తోలింది. ఎడారిలో కొత్త పొలాలు, కొత్త కాలనీలు. కాలువ పోయేది కాబానకొండె నెత్తి మీదుగానే. ఊరికి మాత్రం ఒక్క తూము లేదు.

1983లో కరువు వచ్చింది. చేలు ఎండుతున్నాయి, కాలువలో నీళ్ళు గలగలా పోతున్నాయి. ఊళ్ళోంచి పదకొండు మంది వెళ్ళి కాలువకి గండి కొట్టారు. నీళ్ళు పొలాలకి దిగాయి. తర్వాత ప్రభుత్వమే దిగివచ్చి ఊరికి వాటా ఇచ్చింది. ఆ పదకొండు మందిని ఊరు ఇప్పటికీ వీరులనే చెప్పుకుంటుంది.

గైడ్ ఇక్కడిదాకా వచ్చేసరికి మా కుర్రాడు నా భుజం తట్టాడు. “అన్నా, ఈ కాలువ స్టోరీ ఇంకెంతసేపు? పైన బ్రేక్‌ఫాస్ట్ క్లోజ్ అవుద్దేమో అడుగు.”

వీడి తాతది ఏ కాలువ చివరి ఆయకట్టో నాకు తెలీదు. ఏదో ఒకటి అయ్యే ఉంటుంది. రాత్రంతా గట్టు మీద పడుకుని, పైవాడు తూము మూస్తాడేమోనని పార పట్టుకుని కాపలా కాసినవాళ్ళ పిల్లలమే కదా మనమంతా. ముందు కాలవ నిండా నీళ్ళు పోతుంటే వెనక వరి ఎండిపోవడం ఏమిటో మనకి ఎవడైనా అనువాదం చేసి చెప్పాలా? సిగ్గుండాలి. అసలు ఆ సిగ్గు కుర్రాడికి కాదు, ఈ ప్యాకేజీ తయారుచేసినవాడికి ఉండాలి. కాండోర్‌కి గంటన్నర రాసుకున్నాడు. బఫేకి గంట. వేడినీళ్ళ బుగ్గలో నానడానికి గంట. యాంకె ఊళ్ళో బడికి పోయే పిల్లలు పొద్దున్నే ఆడే వితితి నృత్యాన్ని యునెస్కో 2015లో వారసత్వంగా గుర్తించింది, దానికి టాయిలెట్‌తో కలిపి పది నిమిషాలు. నీళ్ళ కోసం ప్రభుత్వం కాలువ పగలగొట్టిన ఊరుని మాత్రం ‘5వ పాయింట్: కాబానకొండె, అల్పాహారం’ అని రాశాడు! ఊరికి ఊరే గుడ్డూ రొట్టే అయిపోయింది. ఆ కథ చెప్పడానికి గైడ్‌కి జీతంలో నిమిషం లేదు, మన ఆయాసంలోంచి దొంగిలించి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఊరి మెట్ల మీద కాలు పెట్టి, ఆ ఊరి గాడిద ఎక్కి, ఆ ఊరి మనిషి దగ్గర పది సోళ్ళు తగ్గించుకుని, కొండ జయించానని ఫోటో పెట్టుకునేవాళ్ళకి అంతకంటే ఏం కావాలిలే అనుకుని ఉంటాడు. నిజమే కాబోలు.

సరే. పైన బ్రేక్‌ఫాస్ట్ క్లోజ్ అవలేదు. తిరుగుదారిలో చివై అనే ఊళ్ళో బఫే కూడా వేళకే అందింది. అరెకిపా తిరిగి వచ్చే దారిలో, సిగ్నల్ రాగానే, వ్యాన్‌లో అందరూ తలవంచుకుని రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. పక్క సీటాయన రాస్తున్నది నాకు కనపడింది. గైడ్ మంచివాడే కానీ నడక మధ్యలో సంబంధం లేని విషయాలతో టైమ్ వేస్ట్ చేశాడు, మూడు నక్షత్రాలు. బఫేకి మాత్రం విడిగా ఒక పేరా రాశాడు. ఐస్‌క్రీమ్ అయిపోయిందట.