ఆ గుండును కిందికి లాగేదెవరు?

మొన్న మా మేనకోడలి స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. నలుగురు పిల్లలు సాగే గుడ్డను మూలలు పట్టి బిగించారు. మధ్యలో ఇనప గుండు పెట్టి, పక్కన గోలీ వదిలారు. అది రెండు చుట్లు తిరిగి గుండు దగ్గరికి జారింది. "ఇదే ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వాకర్షణ" అన్నారు టీచర్. మా పిల్ల అడిగింది: "మరి ఆ గుండును కిందికి లాగేది ఏంటి మేడమ్?"

"ముందు చార్ట్ సరిగ్గా పట్టుకో" అన్నారు.

అప్పటినుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. గుడ్డను కుంగదీసింది భూమి ఆకర్షణే. దేన్ని వివరించాలో దాన్నే అరువు తెచ్చుకుని వివరిస్తే ఎలా? పైగా ఆ గుంటలో కనిపించేది స్థలం వంపు ఒక్కటే. 1915లో ఆయన చెప్పింది స్థలకాలం వంపు, అంటే స్థలమూ కాలమూ కలిసి ఒకటైన దాని వంపు. మామిడికాయ చెట్టు నుంచి రాలడానికి దాదాపు మొత్తం కారణం కాలం వంపే! నేల దగ్గర కాలం కాస్త నెమ్మది, పైన కాస్త వేగం. జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు అంత ఎత్తున ఉన్నందుకు రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వాటి పరుగు వల్ల 7 వెనకబడతాయి. మిగిలిన 38 మైక్రోసెకన్ల తేడా రాకుండా, పైకి పంపేముందే గడియారాల వేగాన్ని ఆ మేరకు తగ్గించి పెడతారు. స్థలం వంపుకి సమాన వాటా రావాలంటే కాంతి అంత వేగం ఉండాలి. సూర్యుడి అంచును ఒరుసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) వంగితే, అందులో సగం కాలానిది, సగం స్థలానిది.

ఇక మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు సంగతి. "విశ్వం విస్తరిస్తోంది, అందుకే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు" అని మా బాబాయి ఫార్వర్డ్ పెట్టారు. అంకె నిజమే. అపోలో యాత్రికులు అక్కడ వదిలిన అద్దాల మీదికి లేజర్ కొట్టి కొలిచారు. కారణమే తప్పు. ఆటుపోట్ల వల్ల భూభ్రమణం నెమ్మదిస్తూ, ఆ ఊపు చంద్రుడికి చేరుతోంది. తమాషా ఏంటంటే, విస్తరణ రేటును చంద్రుడి దూరానికి అన్వయిస్తే సుమారు 2.7 సెంటీమీటర్లు వస్తుంది. దగ్గరగానే ఉందే అని మోసపోతాం! అదే లెక్కన సూర్యుడు మన నుంచి ఏటా 10 మీటర్లకు పైగా జరగాలి. గ్రహాలకు రాడార్ పంపి కొలుస్తున్నవాళ్లకి అది ఎప్పుడో దొరికిపోయేది.

విశ్వం విస్తరించగలదని చూపిస్తూ 1922లో రష్యన్ శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ వేసిన లెక్క, పదార్థం అన్నిచోట్లా సమానంగా పరుచుకుని ఉన్న విశ్వానిది. మన గెలాక్సీ లోపల అలా ఎక్కడుంది? ఇక్కడి స్థలకాలం ఇక్కడి పదార్థం మాటే వింటుంది. మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా అయితే సెకనుకు 110 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది.

ఇంకోటి. పెద్ద స్థాయిలో స్థలం దాదాపు చదునుగా, అంటే వంపు లేకుండా ఉందని, విశ్వపు తొలినాటి కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం చెప్పింది. అక్కడ వంపంతా కాలంతో పాటు దూరాలు పెరగడంలోనే ఉంది. గుడ్డలో గుంట చూసి వచ్చిన పిల్లకి ఇది ఎలా ఎక్కించాలి?

ఇంటికొచ్చాక విస్తరణ చూపిద్దామని బుడగ తెచ్చాను. తోలు స్థలం, దాని మీది చుక్కలు గెలాక్సీలు అనుకోవాలి. పెన్నుతో చుక్కలు పెడితే ఊదినప్పుడు అవి కూడా సాగుతాయి, అందుకే మా అక్క బొట్టుబిళ్లలు అంటించాను. బుడగ పెరిగింది, బిళ్లలు ఒకదానికొకటి దూరమయ్యాయి, కానీ బిళ్ల సైజు మారలేదు. నేను గర్వంగా చూస్తుంటే, "బుడగ లోపల ఏముంది మావయ్యా?" అంది.

లోపలి గాలి ఈ లెక్కలో లేదమ్మా, పైతోలే చూడు అన్నాను. నమ్మినట్టు లేదు.